చిల్లర 27, నోట్‌బుక్‌లో 173

సంక్రాంతికి మా పిన్ని వాళ్ల ఊరు వెళ్లినప్పుడు వాళ్ల కిరాణా కొట్లో కాసేపు కూర్చున్నాను. గల్లా దగ్గర ఆమె మనవడు, తొమ్మిదో తరగతి. ఒకావిడ 73 రూపాయల సరుకు తీసుకుని వంద నోటు ఇచ్చింది. వాడు ఐదు బిళ్ల, రెండు బిళ్ల తీసి "ఎనభై" అన్నాడు, ఇరవై నోటు పెట్టి "వంద" అన్నాడు, అయిపోయింది. ముచ్చటేసి, వాడి నోట్‌బుక్ వెనక పేజీలో 100 − 73 నిలువుగా వేసి చెయ్యమన్నాను. 173 అని రాసి ఇచ్చాడు.

వందలోంచి 73 తీస్తే నూట డెబ్బై మూడు ఎలా మిగులుతుందిరా అంటే, "అది చిల్లర బాబాయ్, ఇది లెక్క" అన్నాడు.

నవ్వొచ్చింది కానీ, వాడు రాసింది తోచినట్టు రాసిన అంకె కాదు. పైన సున్నా, కింద 3. సున్నాలోంచి 3 పోదు కాబట్టి 3లోంచి సున్నా తీశాడు. పక్క స్థానంలోనూ అంతే. మిగిలిన 1 కిందకి దించాడు. 'పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి' అని చిన్న తరగతిలో ఎవరో చెప్పారు, 58 − 23 లాంటి లెక్కలకి ఆ సూత్రం బాగానే పనిచేసింది, టిక్కులు పడ్డాయి. అప్పు తెచ్చుకునే లెక్కలు వచ్చేసరికి అదే సూత్రం తప్పు అయింది, కానీ అప్పుడు పడింది ఇంటు మార్కు మాత్రమే, ఎక్కడ తప్పావో చూపించిన మనిషి లేడు. అలా ఆ ఇంటు మార్కుతోనే తొమ్మిదికి వచ్చేశాడు.

ఇది మా వాడొక్కడి కథ కాదు. నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో అమ్మకాలు చేసే పిల్లల మీద చేసిన అధ్యయనం 2025లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చింది. బేరం దగ్గర నోటితో టకటకా లెక్క కట్టే పిల్లలు, బడిలో వేసే పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడి లెక్కలు వచ్చిన పిల్లలేమో సంతలో లెక్క దగ్గర తేలిపోయారు. అంటే తెలివి లేక కాదు, కొట్టు లెక్కకీ బడి లెక్కకీ మధ్య వంతెన కట్టేవాళ్లు లేక.

పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువు కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 30.7 శాతం. ఎనిమిదో తరగతిలో 45.8 శాతం. ఇందులో ప్రభుత్వ బడుల పిల్లలూ ఉన్నారు, ప్రైవేటు పిల్లలూ ఉన్నారు. మిగతా సగానికి పైగా పిల్లల ముందు మనం బీజగణితం పెడుతున్నాం.

ప్రైవేటులో వేస్తే సరిపోతుందిగా అనేవాళ్లకి ఒక మాట. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే దీన్ని పరీక్షించారు. లాటరీ తీసి కొందరు పిల్లల్ని, ఫీజు కట్టే వోచర్లు ఇచ్చి ప్రైవేటు బడులకి పంపారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో తేడా ఏమీ లేదు. ఆ బడులు తక్కువ ఖర్చుతో, లెక్కలకి తక్కువ పీరియడ్లు ఇచ్చి అదే ఫలితం తెచ్చాయి, ఆ మెప్పు వాటికి ఇవ్వాల్సిందే. కానీ టై, బెల్టు వల్ల లెక్కలు రావని కూడా అక్కడే తేలింది.

మరి మన వ్యవస్థ హడావిడి అంతా ఎక్కడ? పదో తరగతిలో. డిసెంబరు వచ్చేసరికి వంద రోజుల ప్రణాళిక, సాయంత్రం స్పెషల్ క్లాసులు, 'డి గ్రేడు' పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి పాస్ మార్కులు వచ్చేలా గ్రాఫు ఒకటి, నిర్మాణం ఒకటి, నాలుగు ఖాయం ప్రశ్నలు బట్టీ పట్టించడం. నేను టీచర్లని తప్పుపట్టడం లేదు. ఫలితాల రోజు శాతం తగ్గితే సంజాయిషీ అడిగేది వాళ్లనే. కానీ మూడో తరగతిలో తెగిన దారాన్ని పదిలో ముడివేయాలంటే వేలికి దొరికేది కొస మాత్రమే.

అసలు చిక్కు సిలబస్. ఢిల్లీలో ప్రభుత్వ మిడిల్ స్కూల్ పిల్లల మీద చేసిన ఒక అధ్యయనంలో, ఆరో తరగతివాళ్లు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి కనిపించారు. సగటు సంగతి అది, ఒకే గదిలో రెండో తరగతి స్థాయివాడూ ఉంటాడు, ఆరు స్థాయివాడూ ఉంటాడు. టీచరేమో ఈ నెలలో పూర్తి చెయ్యాల్సిన పాఠం చెప్పుకుంటూ పోవాలి, మధ్యలో భోజనం ఫొటోలు, హాజరు యాప్‌లు. ఒకే టీచరు ఐదు తరగతులు చూసుకునే బడి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

దీనికి విరుగుడు కొత్తదేం కాదు. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్లుగా చేస్తున్నదే: రోజులో ఒక గంట తరగతి గోడలు పక్కనపెట్టి, పిల్లలు ఎక్కడ ఆగారో ఆ స్థాయిని బట్టి గుంపులు చెయ్యడం. పదేసి పుల్లలకి రబ్బరు బ్యాండు వేసిన కట్టలు, విడి పుల్లలు, ఉత్తుత్తి నోట్లు. అప్పు తెచ్చుకోవడమంటే ఒక కట్ట విప్పడమని చేత్తో తెలిస్తే, పైన అంకె కొట్టేసి పక్కన 1 ఎందుకు వేస్తారో అప్పుడు అర్థమవుతుంది. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశమూ ప్రాథమిక తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడమే. 2021లో కేంద్రం ఇదే ఉద్దేశంతో నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలుపెట్టింది. అసర్ లెక్కల్లోనే, మూడో తరగతిలో తీసివేత చెయ్యగలిగినవాళ్లు గ్రామీణ భారతం మొత్తం మీద 2022లో 25.9 శాతం ఉంటే, 2024కి 33.7 అయ్యారు. కోవిడ్ దెబ్బ నుంచి కోలుకోవడం కూడా ఇందులో ఉంటుంది కానీ, 2018లో ఉన్న 28.2ని దాటిందంటే చిన్న తరగతుల మీద పెట్టిన శ్రమ వృథా పోలేదనే నేను అనుకుంటాను.

ఇంగ్లిష్ మీడియం ముచ్చట వేరే వ్యాసం అవుతుంది, ఒక్కటి మాత్రం చెప్తాను. మాటల లెక్కలకి పిల్లలు ఒక చిట్కా నేర్చేసుకున్నారు: 'టోటల్' కనిపిస్తే కూడు, 'రిమైనింగ్' కనిపిస్తే తీసెయ్. "రాము దగ్గర 15 గోళీలు ఉన్నాయి, అవి సీత గోళీల కంటే 6 ఎక్కువ, సీత దగ్గర ఎన్ని?" అని అడగండి. 'మోర్' అనో 'ఎక్కువ' అనో చూసి 21 అంటారు. ఆంధ్రప్రదేశ్ 2020లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ పుస్తకాలు తెచ్చింది, మంచి పనే. ఆ తెలుగు పేజీని క్లాసులో తెరిచి, లెక్కని ముందు పిల్లల చేత సొంత మాటల్లో చెప్పిస్తేనే దానికి పెట్టిన కాగితం దక్కుతుంది.

టీచర్ మిత్రులు జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం, హైస్కూల్లోనే, ఈ 100 − 73 ఒక్కటి బోర్డు మీద వేసి చూడండి. ఎంతమందికి తప్పిందని కాకుండా, 173 ఎవరు రాశారు, 37 ఎవరు రాశారు అని విడివిడిగా రాసుకోండి. 37 రాసినవాడికి అప్పు తేవడం తెలుసు, తెచ్చాక పక్క స్థానంలో ఒకటి తగ్గించడం మర్చిపోయాడు, వాడికి ఒక పీరియడ్ చాలు. 173 రాసినవాడికి పుల్లల కట్టలు కావాలి, నాలుగైదు వారాలు కావాలి.