పళ్లున్న క్లాంపా? సన్నతాడు ముడా?

భువనగిరి గుట్ట కింద, ఆదివారం పొద్దున. బావిలో పడ్డవాళ్లను, మోటారు దింపుతూ జారినవాళ్లను పైకి తీయడానికి ఊరి పిల్లలు చందాలు వేసుకుని 50 మీటర్ల తాడు, నడుముకు, తొడలకు వేసుకునే పట్టీలు, అంటే హార్నెస్‌లు, రెండు కొన్నారు. తాడు మందం 11 మిల్లీమీటర్లు. ఇంకా కొంత డబ్బు మిగిలింది. దాంతో తాడును పళ్లతో పట్టే చిన్న క్లాంపులు కొందామంటోంది మేనకోడలు. ఆమె ఈ బండ మీదే రాక్ క్లైంబింగ్ నేర్చుకుంది. వద్దు, పెద్ద తాడు మీద సన్నతాడు చుట్టి ముడి వేస్తే చాలంటున్న మామ ముప్ఫై ఏళ్లు తాటిచెట్లెక్కిన గీత కార్మికుడు.

కోడలు: మామా, ముందు దీన్ని చేత్తో పట్టుకుని చూడు. టిబ్లాక్ అంటారు. బరువు 35 గ్రాములు. తాడు మీద పెట్టి కారాబైనర్, అంటే మూసుకునే లోహపు కొక్కెం, తగిలిస్తే పైకి జరుగుతుంది. కిందికి లాగితే పళ్లు తాడులోకి దిగి అక్కడే ఆగిపోతుంది.

మామ: నా మోకు కూడా చేసేది అదే బిడ్డా. వెనక్కి వాలితే చెట్టును పట్టేస్తుంది. చెట్టు దగ్గరికి ఒరిగితే వదులవుతుంది, అప్పుడు పైకి జరుపుకుంటా. బరువు పడితే పట్టడం, బరువు తీస్తే జరగడం. ఇందులో నాకు కొత్తేం లేదు.

కోడలు: కొత్తది కాకపోతే మరి వద్దనడం ఎందుకు? 2014 మే 25న మన గురుకులం పిల్లలు మలావత్ పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కారు. వాళ్లు మొదట బండ ఎక్కడం నేర్చుకున్నది ఇక్కడే. ఎవరెస్ట్ మీద కట్టి ఉంచిన తాళ్ల వెంట ఎక్కేవాళ్లంతా నమ్ముకునేది జుమార్ అనే చేతి క్లాంపునే. 1958లో స్విట్జర్లాండ్‌లో జ్యూసి, మార్టి అనే ఇద్దరు దాన్ని తయారుచేశారు. ఆ ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలే జుమార్ అయ్యాయి. ఈ చిన్న క్లాంపు దానికి తమ్ముడి లాంటిది.

మామ: ఆ పిల్లలు ఇక్కడ నేర్చుకుని అంతటితో ఆగలేదు కదా. డార్జిలింగ్‌లో, లడాఖ్‌లో సాధన చేసి పోయారు. మన బావి దగ్గరికి వచ్చేవాడు బువ్వ తింటూ తింటూ లేచి పరుగెత్తుకొస్తాడు. ఇంకో మాట. తేలిక, తేలిక అంటున్నావు. గుట్ట మీదికి మోసుకుపోయే నీకు అది కావాలి. బావి దాకా ట్రాలీ ఆటో వస్తుంది, గడ్డపార కూడా తెచ్చుకోవచ్చు. నాకు కావాల్సింది ఒకటే. ఇది తప్పితే ఎలా తప్పుతుంది? అది చెప్పు.

కోడలు: దాచకుండా చెప్తా. పళ్లున్న క్లాంపు ఏదైనా సుమారు 4 నుంచి 6 కిలోన్యూటన్ల దగ్గర తాడు పైతొడుగును చింపేస్తుంది. అంటే 400 నుంచి 600 కిలోల బరువు వేలాడదీసినంత. ఈఎన్ 567 అనే యూరప్ ప్రమాణం కూడా 4 కిలోన్యూటన్ల దాకా తాడు చెడకుండా పట్టాలనే అడుగుతుంది. కానీ మనం తీసేది 80 కిలోల మనిషిని మామా. ఐదింతలు తేడా ఉంది.

మామ: కదలకుండా వేలాడితే 80. జారి మీటరు కిందికి పోయి టక్కున ఆగితే? మనం కొన్న తాడు సాగేది కాదని నువ్వే చెప్పావు.

కోడలు: అప్పుడు ఆ లెక్క దాటొచ్చు. అందుకే తాడు ఎప్పుడూ బిగువుగానే ఉండాలి. ఎక్కేవాళ్లు క్లాంపును దాటి పైకి పోకూడదు. ఇది పడేవాణ్ని ఆపే వస్తువు కాదు, ఎక్కేవాడికి, లాగేవాడికి పనికొచ్చే వస్తువు. మాకు మొదటి రోజు చెప్పేది ఇదే.

మామ: సరే, ఎవరూ పడలేదనుకో. కింద మనిషి ఉన్నాడు, తాడు బిగువుగా ఉంది. ఒడ్డు మీద ఎంతమంది ఉంటారు? ఊరంతా ఉంటుంది. ఒక్కరు లాగమంటే పదిమంది పడతారు తాడు మీద. నువ్వు గిరకలు పెట్టి బలాన్ని మూడింతలు చేస్తానన్నావు. కిందివాడి కాలు మోటారు పైపు సందులో ఇరుక్కుని ఉంటుంది. ఆ సంగతి పైన లాగేవాళ్లకి తెలియదు. పదిమంది, మూడింతలు. నీ 400 కిలోలు ఎప్పుడు దాటిపోయాయో ఎవరికి తెలుస్తుంది?

కోడలు: ...ఇది నేను ఆలోచించలేదు మామా. క్లాంపు పడుతుందా లేదా అనే చూశాను కానీ, ఒడ్డు మీద గుంపును లెక్కలోకి తీసుకోలేదు.

మామ: సన్నతాడు ముడి అయితే, లాగుడు మితిమీరితే సాధారణంగా ముందు జారుతుంది. అది కంటికి కనబడుతుంది, చేతికి తెలుస్తుంది. ఆగండి అని అరవొచ్చు. పళ్లు అలా చెప్పవు, తొడుగు చిరిగాకే తెలుస్తుంది.

కోడలు: ముడి కూడా అంత అమాయకమైనది కాదు. నువ్వు చెప్పేదాన్ని ప్రూసిక్ ముడి అంటారు, 1931 నుంచి ఉంది, నేనూ రోజూ వేస్తా. 11 మిల్లీమీటర్ల తాడు మీద 6 మిల్లీమీటర్ల సన్నతాడు మూడు చుట్లు తిప్పాలి. తాడు తడిస్తే ఇంకో చుట్టు కావాలి. పెద్ద బరువు పడ్డాక బిగుసుకుపోయి గోళ్లు ఊడినా రాదు. ఇక మనవాళ్లు ముడికి ఏ తాడు తెస్తారో తెలుసా? బర్రెల్ని కట్టే పచ్చ ప్లాస్టిక్ తాడు. అది 160 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. నైలాన్ అయితే 220 దాకా ఓర్చుకుంటుంది. ముడి జోరుగా జారితే రాపిడికి వేడి పుడుతుంది. ఆ ప్లాస్టిక్ అక్కడికక్కడే తెగుతుంది.

మామ: అయితే ఆ నైలాన్ సన్నతాడే కొను. ఒక క్లాంపు డబ్బులకు ఎన్ని ముక్కలొస్తాయి! పదిమంది పిల్లలకు పది ఇవ్వొచ్చు, పదిమందీ నేర్చుకుంటారు. కొత్త వస్తువంటే నాకు పగేం లేదు. 2024లో సర్కారు గీత కార్మికులు చెట్టు మీంచి పడకుండా కాటమయ్య రక్ష కిట్లు ఇస్తే మొదట నేనూ మొహం తిప్పుకున్నా. మా వాడకట్టులో ఒకతను చెట్టు మీంచి పడి నడుము విరిగి మంచానికే అంటుకుపోయాడు. ఆయన్ని చూసొచ్చిన రోజే హార్నెస్ వేసుకున్నా. చేతులకు అలవాటు కావడానికి నెల పట్టింది. ఆ నెలే నేను అడిగేది.

కోడలు: నెల కాదు, రెండు నెలలు నేర్పిస్తా. కానీ ఒక్క వస్తువు మాత్రం కొనాల్సిందే. మైక్రో ట్రాక్షన్ అని 85 గ్రాముల గిరక ఉంది, దానిలోనే పళ్లు ఉంటాయి. తాడు వట్టి కారాబైనర్ మీంచి పోతే లాగిన బలంలో దాదాపు సగం రాపిడికే పోతుంది. ఈ గిరకలో పదింట తొమ్మిది పాళ్లు మిగులుతుంది. పైగా లాగేవాళ్లు అలిసి చెయ్యి వదిలినా తాడు వెనక్కి పోదు. అదే ముడి అయితే ఒక మనిషి పక్కనే ఉండి జరుపుతుండాలి, లేకపోతే గిరకలో ఇరుక్కుంటుంది.

మామ: చెయ్యి వదిలినా పోదు అన్నావే, దానికి ఒప్పుకుంటా. అరచేతులు ఒరుసుకుపోయి తాడు వదిలేసినవాళ్లను చూశా. కానీ బురద పట్టి పళ్లు మూసుకోకపోతే?

కోడలు: నిజమే, తెరిచిన పన్ను తెరిచినట్టే ఉండిపోవచ్చు. ప్రతిసారీ బరువు ఎక్కించే ముందు ఒకసారి లాగి చూడాలి. దాని వెనక నీ ముడి కూడా వేద్దాం.

మామ: అలాగైతే కొను. ఒక్కటే. టిబ్లాక్‌లు నీ దగ్గరే ఉంచుకో, గుట్ట మీద వాడుకో. మిగతా డబ్బంతా సన్నతాడుకు. ఇంకోటి, గాలి లేని బావిలోకి మాత్రం ఏ తాడు ఉన్నా ఎవరూ దిగొద్దు. ఒకర్ని తీయబోయి ఇద్దరు ముగ్గురు పోయే బావులు అవే.

కోడలు: రాసిపెడతా. సాయంత్రం ఎండిన బావి దగ్గర 80 కిలోల ఇసుక బస్తా దింపుదామా? తాడును ముందే తడిపి ఉంచుతా.

మామ: చీకటి పడ్డాకే పెట్టు. ఫోన్ లైటు వద్దు. తాడు మీద ముగ్గురే ఉండాలి, మిగతావాళ్లను గట్టు అవతల నిలబెట్టు. నాలుగోవాడు ముడి మీంచి చెయ్యి తీయకూడదు.

కోడలు: ఆ చెయ్యి ఎవరిది?

మామ: ఈ రాత్రికి నాది. నువ్వు పక్కన నిలబడి, ఎక్కడ తప్పు పట్టుకున్నానో చెప్పు.