రేకులకు మెరుగు పెట్టిన వైనం

పాత సామాను పెట్టుకునే షెడ్డుకు పైకప్పు వేయిద్దామని ఎనిమిది జింకు రేకులు కొన్నాను. మేస్త్రీ రావడానికి రెండు వారాలు పడుతుందన్నాడు. ఈలోగా రేకులు పాడవకుండా చూసే బాధ్యత నేనే తీసుకున్నాను. తీసుకోకపోయి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం వచ్చేది కాదు.

ఏడు రేకుల్ని నేల మీద ఒకదానిపై ఒకటి పేర్చి, పసిబిడ్డను పొత్తిళ్ళలో చుట్టినట్టు టార్పాలిన్‌తో చుట్టి, తాడుతో బిగించాను. ఎనిమిదోది చుట్టలో ఇమడలేదు. విసుగొచ్చి దాన్ని గోడకు ఆనించి వదిలేశాను. ఆ తర్వాత వారం రోజులు వాన. కిటికీలోంచి ఆ ఒంటరి రేకును చూసినప్పుడల్లా అయ్యో పాపం అనుకునేవాడిని.

ఎండ రాగానే చుట్ట విప్పాను. లోపలి రేకులకు బూజు పట్టినట్టు తెల్లటి పొడి! గోడకు ఆనించిన దానికి మచ్చ కూడా లేదు.

దీన్ని తెల్ల తుప్పు అంటారని తర్వాత తెలిసింది. జింకుకు గాలి తగులుతూ ఉంటే, అందులోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి పైన గట్టి పొర ఏర్పడుతుంది. ఆ పొరే దానికి కవచం. గాలి ఆడకుండా తడి మాత్రమే నిలిచిపోతే కవచం రాదు, పొడి వస్తుంది. అంటే వానలో తడిసిన రేకు హాయిగా ఊపిరి పీల్చుకుంటుంటే, నేను ముద్దుగా చుట్టినవి ఉక్కిరిబిక్కిరయ్యాయన్నమాట.

అప్పటికి ఈ జ్ఞానం లేదు కాబట్టి నాకు బాత్రూము కడిగే యాసిడ్ గుర్తొచ్చింది.

"ఏమండీ, మేస్త్రీని ఒక్క మాట అడగండి" అంది మా ఆవిడ. మురికి కడగడానికి మేస్త్రీ ఎందుకని నేను.

యాసిడ్ పడగానే రేకు సుయ్‌మంది. సన్నటి బుడగలు తెట్టుగా పైకి తేలాయి. ఘాటుకు కళ్ళు మండుతున్నా, మురికి ఎంత బాగా వదులుతోందో అని మురిసిపోయాను. వదులుతున్నది జింకు, పైకి వస్తున్నది హైడ్రోజన్. ఇనుప బ్రష్‌తో తోమగా తోమగా రేకు మీది మంచుపువ్వుల్లాంటి మెరుపులు కూడా పోయాయి. అవీ మురికే అనుకున్నాను! సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ఉక్కు రేకును ముంచి తీసి చల్లార్చినప్పుడు పూత అలా స్ఫటికాలుగా గడ్డకడుతుందట. మొత్తం కలిపి పూత మందం వెంట్రుక మందానికి కూడా సరిపోదు. నా బ్రష్‌కు అదెంత!

ఏడు రేకులూ నున్నగా, బూడిద రంగులో ఆరాయి. చేయి నొప్పిగా ఉన్నా సంతోషంగా నిద్రపోయాను. తెల్లారి చూస్తే ఏడూ ఎర్రగా ఉన్నాయి.

మేస్త్రీ వచ్చి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి మేకు తీసి ఎనిమిదో రేకు మీద బరబరా ఒక గీత గీశాడు. నా ప్రాణం విలవిల్లాడింది.

"ఇది తుప్పు పట్టదు సార్. చుట్టూ జింకు ఉంది కదా, తనే ముందు అరిగిపోతుంది. అంత మాత్రం గీతను అదే కాచుకుంటుంది."

గొడవ రాగానే తమ్ముణ్ణి వెనక్కి నెట్టి తాను దెబ్బలు తినే అన్నయ్యలాంటిదన్నమాట జింకు. తగరం పూత అలా కాదు. గీత పడి తడి తగిలిందా, ఇనుమునే ముందుకు తోసి తాను పక్కకు తప్పుకుంటుంది. అలాంటి బంధువులు మాకూ ఉన్నారు కానీ, పేర్లు వద్దు.

"మరి ఈ ఏడింటినీ ఎవరు కాస్తారు?" అన్నాను.

"వీటికి అన్నయ్య ఎక్కడున్నాడు సార్, మీరు కడిగేశారుగా."

మా ఆవిడ కొండనాలుక సామెత ఎత్తుకోబోయింది. చేయెత్తి ఆపాను.

తుప్పు గీకి, జింకు పొడి దండిగా కలిపిన పెయింటు రెండు పూతలు వేస్తే కొంతకాలం నెట్టుకురావచ్చని మేస్త్రీ తేల్చాడు. నేను బ్రష్ అందుకోబోతే వినయంగా వెనక్కి లాక్కున్నాడు. షెడ్డు లేచింది. ఏడు రేకులు వెలవెలబోతూ ఉంటే, ఎనిమిదోది మాత్రం ఒంటి మీది గీతతో సహా మంచుపువ్వులు పూయిస్తోంది.

మొన్న దాని మీద పక్షి రెట్ట కనిపించింది. కడుగుదామని యాసిడ్ సీసా కోసం వెతికాను. మా ఆవిడ దాన్ని ఎక్కడ దాచిందో ఇప్పటికీ చెప్పడం లేదు.