కాంటినెంటల్ ఫిలాసఫీ అంటే నిరాశావాదం కాదు

యూరప్ ఖండంలో, ముఖ్యంగా జర్మనీ, ఫ్రాన్సుల్లో పెరిగిన తత్వశాస్త్ర శాఖను కాంటినెంటల్ ఫిలాసఫీ అంటారు. తెలుగులో దాని ప్రస్తావన వస్తే చాలు, మాట ఫ్రెంచ్ అస్తిత్వవాద రచయితలుగా పేరుపడ్డ సార్త్ర్, కామూల దగ్గర మొదలై ఒంటరితనం, నిరాశ దగ్గర ఆగిపోతుంది. అస్తిత్వవాదం మనకు ఎక్కువగా సాహిత్య చర్చల్లోంచే పరిచయమైంది మరి. కారణాల జోలికి పోకముందే అనుభవాన్ని ఉన్నదున్నట్టు వర్ణించడంలో ఈ శాఖకున్న బలం అందువల్ల మరుగున పడింది.

ష్నైడర్ కేసు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో షెల్ ముక్క తగిలి మెదడు దెబ్బతిన్న ఈ సైనికుణ్ని న్యూరాలజిస్టు కుర్ట్ గోల్డ్‌స్టీన్, సైకాలజిస్టు గెల్బ్ పరీక్షించారు. దోమ కుడితే అతని చెయ్యి సరిగ్గా అక్కడికే పోయేది. కళ్లు మూసుకుని కూడా ముక్కు పట్టుకునేవాడు. అదే ముక్కును వేలితో చూపించమంటే మాత్రం చేతనయ్యేది కాదు. లోపం కండరాలదైతే రెండు పనులూ చెడాలి. తెలివిదైతే, చెప్పిన మాట అతనికి అర్థమవుతూనే ఉంది. పనిలో ఉన్న శరీరానికి తెలిసే చోటు వేరు, ఎదురుగా పెట్టుకుని చూపించే చోటు వేరని ఫ్రెంచ్ తత్వవేత్త మెర్లో పాంటీ 1945లో వాదించాడు. ఆ కేసు నివేదికలనే తర్వాతివాళ్లు శంకించారు. కాబట్టి ఆ తేడాను కొత్త రోగుల దగ్గర మళ్లీ పరీక్షించాల్సిందే. తత్వవేత్తకు ఆస్పత్రితో పని పడేది ఇక్కడే.

ఈ శాఖ ఎల్లలు మ్యాపులో దొరకవు. ఫ్రెగె, కార్నాప్ జర్మన్లే అయినా, దీనికి పోటీగా చెప్పే, తర్కానికీ భాషా విశ్లేషణకూ పెద్దపీట వేసే ఎనలిటిక్ సంప్రదాయానికి మూలపురుషులు. ఈ శాఖలోనే చేరే ఫ్రాంక్‌ఫర్ట్ విమర్శ సిద్ధాంతానికీ (అది సమాజాన్ని విమర్శిస్తుంది) హుస్సెర్ల్ ఫినామినాలజీకీ (అది అనుభవాన్ని వర్ణిస్తుంది) పద్ధతిలో పోలిక తక్కువ.

1992లో ఫ్రెంచ్ తత్వవేత్త డెరిడాకు గౌరవ డాక్టరేట్ ఇవ్వాలా వద్దా అని కేంబ్రిడ్జ్‌లో ఓటింగే జరిగింది. 336 మంది ఔనన్నారు, 204 మంది కాదన్నారు. అతని రాతల్లో స్పష్టత లేదన్న వ్యతిరేకుల అభ్యంతరాన్ని కొట్టిపారేయడం తప్పు. పారిభాషిక పదాలే వాదనగా చెలామణీ అయ్యే పరిశోధన పత్రాలు నిజంగానే ఉన్నాయి. పేజీలోంచి ఆ పదాలు తీసేసి చదివితే వర్ణన నిలబడుతుందో లేదో తేలిపోతుంది.

రెండో జబ్బు, ఎవరికి జవాబుగా రాశారో తెలియకుండా చదవడం. 1967లో డెరిడా 'స్వరం, దృగ్విషయం'లో చేసిన వాదన హుస్సెర్ల్ మొదటి తార్కిక అన్వేషణ మీద విమర్శ. సూచనకూ (పొగ నిప్పును సూచించినట్టు) వ్యక్తీకరణకూ (మాట అర్థాన్ని చెప్పినట్టు) హుస్సెర్ల్ అక్కడ గీసిన గీత తెలియకపోతే డెరిడా దేన్ని చెరుపుతున్నాడో అంతుపట్టదు. ఎం.ఏ.లో ఒక సెమిస్టరులో హెగెల్ నుంచి ఫూకో దాకా పరుగెత్తించే సిలబస్ కన్నా ఈ రెండు రచనలను పక్కపక్కన పెట్టి నిదానంగా చదివించడమే మేలు.