వాలుకుర్చీ గారికి ఒక డ్యూటీ డాక్టరు లేఖ

మహారాజశ్రీ వాలుకుర్చీ గారికి,

ఇంగ్లాండులో ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగు డాక్టరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనడానికి చేయి రావడం లేదు. మీరు కుశలమే. రాత్రంతా మీలో కూర్చున్న ఎనభై ఏళ్ల పెద్దావిడ నడుము మాత్రం కాదు.

మీ జన్మకారణం గొప్పది. 2019 జనవరిలో వచ్చిన ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) దీర్ఘకాలిక ప్రణాళిక, పెద్ద ఎమర్జెన్సీ ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ రోజుకు కనీసం 12 గంటలు, వారానికి 7 రోజులు ‘అదే రోజు అత్యవసర సేవ’ అందాలంది. కాలిలో రక్తం గడ్డకట్టిందేమోనని వచ్చినవారు స్కానింగ్ చేయించుకుని, మందులు పుచ్చుకుని రాత్రి భోజనానికి ఇల్లు చేరాలి. ఆ సేవ అందించే గదిలోని కుర్చీ మీరు. అందుకే మిమ్మల్ని మంచంగా పుట్టించలేదు.

చీకటి పడితే మీకు మంచంగా పదోన్నతి. వార్డులు నిండుకుండలు. కోలుకున్నవారిని పంపుదామంటే ఇంటి దగ్గర చూసే మనిషి ఏర్పాటు కాదు. ఎమర్జెన్సీలో నాలుగు గంటల గడియారం తరుముతుంటుంది. (95 శాతం మందిని వచ్చిన నాలుగు గంటల్లో చూసి ఇంటికో వార్డుకో పంపాలన్న లక్ష్యం 2015 జులై తరువాత దేశం మొత్తంమీద ఒక్క నెల కూడా నెరవేరలేదు.) రోగిని మీలోకి జరిపితే చాలు, గడియారం ఆగుతుంది. జబ్బు ఆగదు.

మీ వెనక గోడకు ఆక్సిజన్ లేదు, పిలుపు గంట చేతికి అందదు. రోగి పరిస్థితి ఎంత విషమించిందో అంకెల్లో చెప్పే న్యూస్2 స్కోరు 5కు చేరితే కనీసం గంటకోసారి నాడి, బీపీ చూడాలి. చూడాల్సిన నర్సు ఒక్కరే, మీరేమో బారులు తీరి ఉన్నారు. పెద్దావిడకు పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) మాత్ర వేళకు పడాలి. ఆ మందుచీటీ వార్డు కంప్యూటర్‌లో ఉంది, మీ దగ్గర ఇంకా కాగితమే. మాత్ర పడేసరికి ఆవిడ చేయి గ్లాసు కూడా పట్టలేకపోయింది.

రాత్రిపూట మీ గదికి తాళం వేయాలని మా దగ్గర నియమం పెట్టారు. తాళంచెవి మంచాలు వెతికే మేనేజరు గారి జేబులోనే ఉంటుంది!

తెల్లారి అసలు మీ కోసం వచ్చినవారికి మీరు ఖాళీ ఉండరు. వారు మళ్లీ ఎమర్జెన్సీలోనే పడిగాపులు. నిన్న ఇంటికి పంపినవారి రక్తపరీక్ష ఫలితం రాత్రి ఎవరి పేరున వచ్చిందో కూడా మీరే చెప్పాలి. ఆ రక్తపరీక్ష చేయించమని రాసిన డాక్టరు అప్పటికే రైలెక్కేశాడు.

ఇట్లు,
మీ పక్కన నిలబడే డాక్టరు

తా.క.: మీ వాలు మీట విరిగిందని మరమ్మతు ఫారం నింపాను. అందులో ‘మంచమా, కుర్చీయా’ అని అడిగారు. రెండింటికీ టిక్కు పెట్టాను.