గోడ మీది సొరపిందె

పోయిన శనివారం రాత్రి నా మీద డయల్ 100కు ఫిర్యాదు వెళ్లింది. ఈ విషయం మీద మా కాలనీలో ఇప్పటికే రకరకాల కథలు తిరుగుతున్నాయి. ఒక కథలో నా చేతిలో కత్తి ఉంది. ఇంకో కథలో నిమ్మకాయలు, పసుపు, కుంకుమ కూడా చేరాయి. చేతిలో ఉన్నది ఫోను, నోట్లో ఉన్నది సొరపువ్వు. అంతకు మించి ఏమీ లేదు.

మాది నల్లగొండ. తొలకరి పడగానే మిద్దె మీద సంచుల్లో ఎర్రమట్టి, మాగిన పేడ ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి కూరగాయలు పెట్టాను. టమాటాలు కోతులు తిన్నాయి. వంకాయలు పురుగు తిన్నది. బెండ రోజుకు రెండు కాయలు ఇచ్చేది, నలుగురున్న ఇంట్లో రెండు బెండకాయలతో ఏం చేయాలో ఏ వంటల పుస్తకంలోనూ లేదు. మిగిలింది సొర. అది మాత్రం వద్దన్నా వినకుండా పాకింది, పూసింది, పిందెలు వేసింది. పిందె బొటనవేలంత కాగానే పసుపు తిరిగి రాలిపోయేది. మళ్లీ వేసేది, మళ్లీ రాల్చేది.

మిద్దెతోటల వాట్సాప్ గ్రూపులో ఒక నిపుణుడు ఉన్నాడు. ఎవరు ఏమి అడిగినా ఆయన దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: 'లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె కొట్టండి.' ఆకు ముడుచుకుంటే వేపనూనె, పూత రాలితే వేపనూనె, మొక్క అసలు మొలవకపోతే మట్టి మీద వేపనూనె. ఒకావిడ పొరపాటున మనవరాలి నామకరణం ఫోటో ఈ గ్రూపులో పెడితే, దాని కింద కూడా వెంటనే అదే సలహా పడింది. నేనూ కొట్టాను. మిద్దెకు, నాకు, ఆరేసిన దుప్పట్లకు పట్టిన ఆ వాసన ఇంకా వదల్లేదు. పిందెలు మాత్రం రాలుతూనే ఉన్నాయి. ఇంకొకాయన 3జీ కటింగ్ చేయమన్నాడు. తల్లితీగ చివర తుంచితే పిల్లతీగ, దాని చివర తుంచితే మనవతీగ, ఆ మూడో తరానికి ఆడపూలు ఎక్కువ వస్తాయట. దేశమంతా 5జీకి వెళ్తుంటే మనం 3జీ దగ్గర ఎందుకు ఆగాలని అడిగితే ఆయన నొచ్చుకున్నాడు.

చివరికి అసలు సంగతి నేనే చదివి తెలుసుకున్నాను. సొరలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మగపువ్వు సన్నటి పొడవాటి కాడ మీద నిలబడి ఉంటుంది. ఆడపువ్వు అడుగున నూగుతో చిన్న పిందె ముందే ఉంటుంది. దాన్ని చూసి మనం కాయ పడిందని సంబరపడతాం, కానీ పుప్పొడి అందకపోతే అది రాలిపోయే పిందే. అన్నిటికంటే తిరకాసు ఏమిటంటే, ఈ పూలు సాయంత్రం విచ్చుకుని మర్నాడు వాడిపోతాయి. పొద్దుగూకాక తిరిగే చిమ్మెటలు వచ్చి పుప్పొడి చేరవేయాలి. మా వీధి చిమ్మెటలకు దీపస్తంభం చుట్టూ తిరగడంతోనే తెల్లారిపోతుంది. కాబట్టి మగపువ్వు తెంపి మనమే ఆడపువ్వుకు తాకించాలి.

"మా అమ్మ గుడిసె మీదికి తీగ ఎక్కించి వదిలేసేది. కోసుకోలేక ఊరంతా పంచేవాళ్లం. ఏనాడూ పూలకు పెళ్లిళ్లు చేయలేదు" అన్నది మా ఆవిడ. "1999లో రైతుబజార్లు పెట్టిందే మనలాంటి వాళ్లకు ఈ కష్టాలు ఉండకూడదని."

ఇక్కడ పక్కింటి వారి గురించి చెప్పాలి. ఆయన మా కాలనీ సంఘానికి అధ్యక్షులు. ఎన్నికలు జరిగిన గుర్తు ఎవరికీ లేదు. మా మిద్దెకు, వారి మిద్దెకు మధ్య రెండు మూరల సందు. కోతులు నీళ్ల ట్యాంకు మూత తీసి అందులో ఈదుతున్నాయని ఆయన మిద్దె మీద కెమెరా పెట్టించారు. కదలిక కనబడితే లైటు వెలుగుతుంది, సైరను మోగుతుంది, ఫోనులోంచి మాట్లాడితే కెమెరాలోంచి మాట వినిపిస్తుంది. కోతులు ఒక పూట బెదిరాయి, రెండో పూట నుంచి సైరను మోగితే ఎక్కడెక్కడివో కూడా చూడటానికి వస్తున్నాయి. ఆ కెమెరాకు ఇంటర్నెట్ వైరు స్తంభం నుంచి మా మిద్దె మీదుగానే వెళ్తుంది. పెట్టేటప్పుడు మమ్మల్ని ఒక మాట అడగలేదు. పైగా నా మొక్కల మీద ఆయనకు ఒక దెప్పు ఉంది: "ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిన జిల్లా మాస్టారూ ఇది. కృష్ణా నీళ్ల కోసం ఎన్నేళ్లు కొట్లాడితే వచ్చాయి! మీరు పాదులకు పోస్తున్నారు." నేను పోసేది బియ్యం కడిగిన నీళ్లని చెప్పినా వినరు. ఆయన కారు మాత్రం రోజూ కృష్ణా పుష్కరాలే ఆడుతుంది.

సొరతీగ ఆ వైరు పట్టుకుని సందు దాటింది. శనివారం సాయంత్రం చూస్తే మా వైపు ఉన్నవన్నీ మగపూలే. ఒకే ఒక్క ఆడపువ్వు, బలమైన పిందెతో, వారి పిట్టగోడ బయటి వైపు తెల్లగా విచ్చుకుని ఉంది. అధ్యక్షులవారు హైదరాబాదులో కూతురింట్లో ఉన్నారు, ఇంటికి తాళం. తెల్లారితే ఆ పువ్వు ఉండదు.

మా పిట్టగోడ మీద బోర్లా పడుకున్నాను. ఎడమ చేయి చాచి వారి పిట్టగోడ పట్టుకున్నాను. కుడి చేతిలో ఫోను లైటు, అది లేకపోతే పువ్వు కనబడదు. మగపువ్వును ఎక్కడ పెట్టాలి? కాడ పళ్ల మధ్య పెట్టుకున్నాను. సగం ఒళ్లు సందు మీదికి వచ్చింది. కింద సందులో ఒక పాత కూలరు, కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, ఎవరివో ఒంటి చెప్పులు. వాటిని అంతసేపు, అంత శ్రద్ధగా చూస్తానని ఎన్నడూ అనుకోలేదు. సొరపువ్వుకు కస్తూరి లాంటి వాసన ఉంటుందని చదివాను. ఉంటుంది. ముక్కు కింద పెట్టుకుంటే దానితో పాటు తుమ్ము కూడా వస్తుంది.

తుమ్ము ఆపుకుంటుండగా పైనుంచి మాట వినిపించింది.

"ఎవరు? ఎవరక్కడ?"

మనిషి లేడు. ఆకాశవాణి అంటే ఏమిటో ఆ క్షణంలో తెలిసింది. గొంతు గుర్తుపట్టి, కెమెరా వైపు మెడ తిప్పి, "నేనే సార్" అన్నాను. అన్నాననే అనుకున్నాను. పళ్ల మధ్య కాడ, నోరు తెరిస్తే పువ్వు కూలరు మీద పడుతుంది. అందుకని పెదవులు మూసే అన్నాను. పెదవులు మూసి 'నేనే' అని చూడండి, మీకే తెలుస్తుంది. ఆయనకు 'మేమే' అని వినబడింది.

"మేమే అంటే? ఎంతమంది ఉన్నార్రా?"

ఈ కెమెరాల్లో ఇంకో సుగుణం ఉంది. ఇక్కడి మాట అక్కడికి చేరడానికి, అక్కడి మాట ఇక్కడికి రావడానికి కొంత సమయం పడుతుంది. ఆయన మొదటి ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఆయన రెండో ప్రశ్న అడిగాక అందుతోంది. "మేను మార్, మక్కింటి..." అని నేను అంటుంటే, "ఏయ్, కదిలితే పోలీసులను పిలుస్తా" అని ఆయన. కదలకుండా ఎలా ఉండాలి? మింగలేక కక్కలేక అనే మాట పుట్టిన చోటు ఇలాంటి పిట్టగోడే అయి ఉంటుంది. ఉమ్మేసి పేరు చెబితే అంతటితో సరిపోయేది కదా అని ఇప్పుడు అందరూ అంటున్నారు. వాళ్లెవరి పిందెలూ నెలరోజుల పాటు వరసగా రాలలేదు.

అంతలో సైరను మోగింది. కింద వీధిలో వినాయక చవితి ఏర్పాట్ల సమావేశం జరుగుతోంది. కాలనీలో సగం మంది కుర్చీలు వేసుకుని లడ్డూ వేలం ఏ రోజు పెట్టాలని వాదించుకుంటున్నారు. సైరనుకు అందరి తలలూ ఒకేసారి పైకి లేచాయి. లైటు నేరుగా నా మీద పడింది. ఒకరు నిచ్చెన తెమ్మన్నారు. ఇంకొకరు నిచ్చెన తెస్తే దొంగ దిగి పారిపోతాడని అడ్డుపడ్డారు. ఎవరో పిల్లవాడు "మన లెక్కల సార్!" అని గుర్తుపట్టాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. అప్పుడు కోశాధికారి లేచి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "సార్! మీ చందా ఇంకా రాలేదు!" అని అరిచాడు. మనిషి సందు మీద వేలాడుతున్నాడు, ఇతనికి చందా.

ఇంత జరిగాక వెనక్కి వస్తే పరువుకు పరువు, పిందెకు పిందె రెండూ పోతాయి. పరువు ఎలాగూ పోయింది. చేతులు ఖాళీ లేవు. మెడ చాచి, నోట్లో ఉన్న మగపువ్వును నోటితోనే ఆడపువ్వుకు తాకించి, అటూ ఇటూ మెల్లగా తిప్పాను. కెమెరా ఉన్న కోణం నుంచి చూస్తే అందులో పూలు కనబడవట. ఒక ఉపాధ్యాయుడు పరాయి ఇంటి గోడకు కళ్లు మూసుకుని ముద్దు పెడుతున్నట్టు కనబడుతుందట. లైటు వెలగక ముందు భాగం నలుపు తెలుపుల్లో వచ్చింది, అందులో నా కళ్లు రెండూ తెల్లగా మెరుస్తున్నాయి.

పోలీసులు వచ్చారు. ఫిర్యాదులో నలుగురైదుగురి ముఠా అని ఉండటంతో, ఒక్కడినే చూసి నిరాశపడ్డట్టు అనిపించింది.

"ఏం చేస్తున్నారు సార్ పైన?" అన్నాడు కానిస్టేబులు, మర్యాదగానే.

చుట్టూ ఆడవాళ్లు, పిల్లలు, మొన్ననే అద్దెకు దిగిన కొత్త దంపతులు. "మగపువ్వు... ఆడపువ్వు..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. పదో తరగతికి త్రికోణమితి చెప్పేటప్పుడు కూడా నాకు ఇంత చెమట పట్టలేదు. వృక్షశాస్త్రం చెప్పే వాళ్ల జీతం పెంచాలి. నేను తడుముకుంటుంటే కానిస్టేబులు నా చేతిలో నలిగిన పువ్వు తీసుకుని లైటు కింద తిప్పి చూశాడు.

"పరాగ సంపర్కమా సార్? రేకులు తీయకుండా చేశారే!"

దేవరకొండ వైపు వారి పొలంలో పందిళ్ల మీద బీర వేస్తారట. రేకులు గిల్లేసి, లోపలి పసుపు కాడను మాత్రమే ఆడపువ్వు మధ్యలో రుద్దాలని, ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుందని, బీర కూడా సాయంత్రమే విచ్చుకుంటుందని, కాకర అయితే పొద్దున చేయాలని అతడు అక్కడే నిలబడి చెప్పాడు. సమావేశానికి వచ్చిన వాళ్లంతా శ్రద్ధగా విన్నారు. ఒకరిద్దరు రాసుకున్నారు. పండు ఈగకు ఏం చేయాలని కోశాధికారి అడిగితే, ఎరబుట్ట కట్టమని చెప్పాడు. నేను గత నెలలో ఇదే మనిషికి ఇదే మాట చెబితే 'చూద్దాం లెండి' అన్నాడు. ఖాకీ బట్టల్లో చెబితే ఎరబుట్టకు కూడా గౌరవం వస్తుంది.

మర్నాడు పొద్దున్నే దృశ్యం కాలనీ గ్రూపులోకి వచ్చింది. పెట్టింది అధ్యక్షులవారే. 'మన కెమెరాల పనితీరు చూడండి, అందరూ పెట్టించుకోవాలి' అని కింద రాశారు. క్షమాపణ చెబుతారనుకున్నాను, వచ్చి తీగ తీసేయమన్నారు. తీసేద్దామనే పిట్టగోడ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. చూస్తే పిందె రాలలేదు. మెడ కిందికి వంచి, నూగు మీద పచ్చగా మెరుస్తూ, నాలుగు వేళ్ల పొడవు సాగింది. ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు.

"ఉండనివ్వండి మాస్టారూ. మా గోడ మీద కాసింది కదా."

వేరు మా సంచిలో ఉందని అన్నాను. గోడ తమదని అన్నారు. పుప్పొడి నాది, అంటే నా పువ్వుది అన్నాను. దానికి సాక్ష్యం తమ కెమెరాలోనే ఉందని, కెమెరా కూడా తమదేనని అన్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కోతకు ఇంకా పది రోజులైనా పట్టే కాయ కోసం ఇద్దరు పెద్దమనుషులం అరగంట ఎండలో నిలబడ్డాం. నల్లగొండ ఎండ భాద్రపదంలో కూడా తక్కువేమీ కాదు.

ఈ పొద్దున గ్రూపులో ఫోటో వచ్చింది. 'మా ఇంటి సొరకాయ, పూర్తిగా సహజ పద్ధతి.' కింద వరసగా నమస్కారాలు, చప్పట్లు. మొదటి చప్పట్లు మా ఆవిడవి. పక్కింటి వదిన కాయ కోశాక సగం ఇస్తానని మాట ఇచ్చిందట, పాలు పోసి వండటానికి అది చాలట.

నాకు సగం అక్కర్లేదు. తీగ రోజురోజుకూ బరువెక్కుతోంది, అది వేలాడుతున్నది ఆ ఇంటర్నెట్ వైరు మీదే. బరువుకు వైరు తెగితే ఎవరేం చేస్తారు? అధ్యక్షులవారు వచ్చే ఆదివారం మళ్లీ హైదరాబాదు వెళ్తున్నారని విన్నాను.