ఓనర్స్ మాన్యువల్‌ను నిషేధించాలి

బైకు కొన్నప్పుడు తాళాలతో పాటు చేతిలో పెట్టే చిన్న పుస్తకం ఒకటుంది. దేశ శ్రేయస్సు దృష్ట్యా దాన్ని వెంటనే నిషేధించాలి. ప్రస్తుతానికి మనవాళ్లు దాన్ని ఇన్సూరెన్సు కాగితాలతో కలిపి బీరువాలో పెట్టి మర్చిపోతున్నారు కాబట్టి సరిపోయింది. కరెంటు లేని ఏ మధ్యాహ్నమో ఎవడైనా తెరిస్తే?

వంద సీసీ బండికైతే చైను 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఊగితే చాలని వాడికి తెలిసిపోతుంది. చూడటానికి స్కేలు, బిగించడానికి రెండు పానాలు చాలనీ తెలుస్తుంది. క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయనీ, కారు ఆయిల్ పోస్తే జారొచ్చనీ, డబ్బా మీద జాసో ఎంఏ (ఇలాంటి తడి క్లచ్‌కు పనికొచ్చే ఆయిలని చెప్పే గుర్తు) అని ఉందో లేదో చూసుకోవాలనీ ఆరా తీస్తాడు. అక్కడితో ఆగడు. షెడ్డుకెళ్లి "అన్నా, ఏ గ్రేడ్ పోస్తున్నావ్?" అంటాడు. ఇన్నాళ్లూ మెకానిక్ రెండుసార్లు యాక్సిలేటర్ తిప్పి, కళ్లు మూసుకుని విని, "బోరు పోయింది సార్" అంటే తలొంచుకున్న జాతి మనది. ఆ సామరస్యం ఏమైపోవాలి?

సర్వీస్ సెంటర్ల పరిస్థితి ఇంకా దారుణం. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లో దాదాపుగా కార్బొరేటర్ బదులు ఫ్యూయెల్ ఇంజెక్షనే. అయినా బిల్లులో "కార్బొరేటర్ క్లీనింగ్" అని రాయాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! లేనిదాన్ని తోమి శుభ్రం చేయడం వేదాంతం ఒంటబట్టినవాళ్లకే సాధ్యం. దానికి లేబర్, లేబర్ మీద 18 శాతం జీఎస్టీ. మాన్యువల్ చదివినవాడు సరిగ్గా ఆ లైను మీదే వేలు పెడతాడు. ఖజానాకు గండి.

అలాగని సొంత రిపేర్లకు నేను వ్యతిరేకిని కాను. మాన్యువల్ ముట్టకుండా, యూట్యూబ్ వీడియో సగం చూసి ఆదివారం రంగంలోకి దిగేవాళ్లను ప్రభుత్వం సత్కరించాలి. అలాంటివాడు ఆయిల్ మార్చి, డ్రెయిన్ బోల్టును "ఇంకొంచెం" అంటూ బిగిస్తాడు. ఇంజన్ కేసింగ్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. త్రెడ్ పోతుంది. సోమవారం బైకు ట్రాలీ ఆటో ఎక్కి షెడ్డుకు, ఇంజన్ విప్పాక కేసింగ్ లేత్ మిషన్ దగ్గరికి. రెండొందలు మిగుల్చుకుందామనుకున్నవాడు ముగ్గురికి పని కల్పించాడు. ఏ ఉపాధి పథకం ఇంత వేగంగా పనిచేసింది?

(బ్రేకుల జోలికి, ముఖ్యంగా ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) జోలికి మాత్రం వీడియో చూసి వెళ్లకండి. ఈ ఒక్క ముక్క వ్యంగ్యం కాదు.)

నిషేధం పుస్తకంతో ఆగకూడదు. చాలా బైకుల చైన్ కవర్ మీద టైర్లో ఎంత గాలి ఉండాలో స్టిక్కర్ అంటించి ఉంటుంది. పెట్రోలు బంకులో కుర్రాడు "ఎంత సార్?" అని అడిగితే "నువ్వే చూసి కొట్టు" అనడం మన సంప్రదాయం. వాడు చూసేది టైరును కాదు, వెనక ఎక్కబోయే మనిషి లావును. ఆ స్టిక్కర్ల మీద కూడా ప్రభుత్వమే దగ్గరుండి పెయింటు వేయించాలి.