కవర్ ఛార్జీ గారికి, బరంపురం నుంచి

క్రూజు ఓడల్లో స్పెషాలిటీ డైనింగ్ అనే ప్రత్యేక రెస్టారెంట్లలో తినేందుకు విడిగా వసూలయ్యే శ్రీయుత కవర్ ఛార్జీ గారికి నమస్కారాలు.

మీరు క్షేమమేనా అని అడగడం లేదు. రేట్ల పట్టిక చూశాను, దినదిన ప్రవర్ధమానంగా ఉన్నారు. నేను రాస్తున్నది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం నుంచి. మాకు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కోపమొస్తే రెండూ. ఈ ఉత్తరం ఒక్క తెలుగులోనే ఉందంటే కోపం ఇంకా సగంలోనే ఉందని గ్రహించగలరు.

మా పెళ్ళిరోజు పుణ్యమా అని మీతో పరిచయం కలిగింది. వచ్చే వేసవికి మా పెళ్ళికి నలభై ఏళ్ళు నిండుతాయి. రెండేళ్ళకోసారి వచ్చే మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర కూడా అయిపోయి ఉంటుంది కాబట్టి ఇంటికి తాళం వేసి వెళ్ళొచ్చు. నేనైతే సత్యనారాయణ వ్రతం చేసుకుని బంధువులకు ఒక పూట భోజనం పెడదామనుకున్నాను. వాంకూవర్‌లో ఉన్న మా అమ్మాయి ఒప్పుకోలేదు. "నలభై ఏళ్ళుగా ఊరందరికీ పెడుతూనే ఉన్నారు, ఈసారి ఎవరైనా మీకు పెట్టనివ్వండి నాన్నా" అంది. మాట బాగుంది. ఆ 'ఎవరైనా' మీరని మాకప్పుడు తెలియదు.

ప్లాను ఇదీ. యొకొహామాలో ఓడెక్కితే పసిఫిక్ దాటి వాంకూవర్‌లో దిగుతాం. వేసవంతా అలాస్కా వైపు తిరగడానికి కొన్ని ఓడలు వసంతంలో ఆసియా నుంచి అటు వెళ్ళిపోతాయి. ఎలాగూ వెళ్ళక తప్పదు కాబట్టి మనుషుల్ని కూడా ఎక్కించుకుంటాయి. రెండు వారాలు, కొంచెం అటూ ఇటూ. అందులో చాలా రోజులు నేల కనబడదు. నేల కనబడనప్పుడు మనిషికి మిగిలే పని తినడం, తర్వాత ఏం తినాలో ఆలోచించడం. ఈ సంగతి మాకంటే మీకే బాగా తెలుసు. అందుకే వలేసుకుని అక్కడే కూర్చున్నారు.

టిక్కెట్టులోనే భోజనం కలిసి ఉందని చదివి మా ఆవిడ చాలా సంతోషించింది. పెద్ద భోజనశాల ఉంది, రోజూ మెనూ మారుతుంది, పై అంతస్తులో బఫే ఉంది. ఆ సంతోషం పేజీ కిందికి జరిపేదాకా నిలిచింది. కింద మీరున్నారు. స్టేక్‌హౌస్ ఒకటి, ఇటాలియన్ ఒకటి, కళ్ళెదుటే పెనం మీద గరిటెలు ఎగరేసే జపాన్ వంట ఒకటి. ఒక్కోదాని పక్కన మనిషికింత అని మీ దర్శనం. టిక్కెట్టులో భోజనం కొనుక్కున్నవాడు అదే ఓడలో ఇంకో గదిలో కూర్చుని తినాలంటే మళ్ళీ కట్టాల్సిన సొమ్ము అన్నమాట మీరు.

ఆ ఫొటోలు తీసినవాడికి మాత్రం దణ్ణం పెట్టాలి. ఉచిత భోజనశాలను ఎక్కడో పైనుంచి తీశాడు. తలలు తప్ప ఏమీ కనబడవు. మీ గదుల దగ్గరకొచ్చేసరికి కెమెరా కిందికి దిగింది. ఒక బల్ల, ఒక జంట, ఒక కొవ్వొత్తి. వెనకాల వెయిటరు చేతులు కట్టుకుని మరీ నవ్వుతున్నాడు. కింద వివరణ: ప్రశాంతంగా, తీరిగ్గా, ఇద్దరే కూర్చుని తినవచ్చును. అయ్యా, తీరిగ్గా తినడం కూడా అదనపు సౌకర్యమే అయితే టిక్కెట్టులో ఉన్న భోజనం ఎలా తినాలి? నిలబడా? ఇంకో సందేహం. ఓడలో నిప్పంటే మహా భయం కదా, గదిలో అగరుబత్తి కూడా వెలిగించనివ్వరు. మరి ఆ కొవ్వొత్తి బ్యాటరీదేనా? పెళ్ళిరోజున దేవుడి దగ్గర దీపం పెట్టకుండా బ్యాటరీ దీపం ముందు కూర్చోవడానికి అంత డబ్బెందుకని మా ఆవిడ అడుగుతోంది.

సంబంధం కలుపుకునే ముందు వంశం కనుక్కోవడం మా అలవాటు. మీదీ కనుక్కున్నాను. గట్టి వంశమే. జర్మనీలో ఆల్బర్ట్ బాలిన్ అని ఒక ఓడల కంపెనీ పెద్దమనిషి ఉండేవాడు. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్ళు తక్కువ, ఓడ ఊరికే పడి ఉంటోందని 1891లో ఆగుస్టా విక్టోరియా అనే ఓడను మధ్యధరా సముద్రంలో విహారానికి తిప్పాడు. ఈనాటి క్రూజులన్నీ దాని సంతానమే. ఖాళీ ఓడను నింపడమనే తెలివి అప్పటి నుంచీ ఉందన్నమాట. ఆ కంపెనీయే 1905లో అమెరికా అనే ఓడలో రిట్జ్ కార్ల్‌టన్ రెస్టారెంటు పెట్టి, మామూలు భోజనశాల వద్దనుకునే ధనవంతులకు విడిగా డబ్బు తీసుకుని వడ్డించింది. మీరు పుట్టింది అక్కడే అనుకుంటాను. 1912లో టైటానిక్‌లోనూ అలాంటి రెస్టారెంటు ఉంది. అయితే అక్కడ ఒక పద్ధతి పాటించారు. ప్రయాణమంతా ఆ రెస్టారెంటులోనే తింటామన్నవాళ్ళకు టిక్కెట్టు ధరలో కొంత తగ్గించేవారు. తినని భోజనానికి డబ్బు తీసుకోకూడదని వాళ్ళకు తోచింది. అంత మర్యాద తెలిసిన ఓడ మునిగిపోయింది, మీరు తేలుతున్నారు. కలికాలం.

సముద్రం మాకు కొత్తనుకునేరు. గోపాలపూర్ మాకు 16 కిలోమీటర్లు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో అక్కడి నుంచి రంగూన్‌కి స్టీమర్లు వెళ్ళేవి. గంజాం నుంచీ విశాఖపట్నం నుంచీ వేలమంది బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి పోయారు. మా తాత కూడా వెళ్ళాడు. డెక్ మీద చాప, చాప మీద మనిషి, తలకింద అటుకుల మూట. ఆ ఓడలో స్పెషాలిటీ డైనింగ్ ఏమిటంటే పక్క చాపవాడి దగ్గర ఎండుచేపలుండటం. ఇటు ఒడియా వాళ్ళు ఇప్పటికీ కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున అరటిదొప్పతో బుల్లి ఓడ చేసి, అందులో తమలపాకు, వక్క, దీపం పెట్టి నీళ్ళలో వదులుతారు. పూర్వం బాలి, జావా వెళ్ళిన తమ వర్తకుల జ్ఞాపకంగా. ఆ ఓడలోనూ తినడానికి ఉన్నది తాంబూలమే, నిప్పుకి అభ్యంతరం లేదు.

అస్కా రోడ్డులో మాకు టిక్కెట్లు చూసిపెట్టే కుర్రాడికి మీరంటే ప్రాణం. "ఆజ్ఞా (ఒడియాలో 'అయ్యా' అని), ఒక్కో పూటా కట్టొద్దు, రోజూ తినేలా ప్యాకేజీ తీసేసుకోండి, ఓడెక్కాక రేటు పెరుగుతుంది" అంటాడు. అది నిజమే. ముందు కొంటే ఒక ధర, ఎక్కాక ఒక ధర, మొదటి రాత్రి అందరూ సామాన్లు సర్దుకుంటుంటే గదులు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఆ రాత్రి ఇంకో ధర. పూటకి మనిషికి 50 డాలర్ల చుట్టుపక్కల. దాని మీద 18 నుంచి 20 శాతం దాకా సర్వీసు. అదీ కట్టాక వచ్చే రసీదులో అదనపు టిప్పు అని ఒక ఖాళీ గీత ఉంటుందట. మా ఆవిడ ఏ ఖర్చునైనా మా ఊరి ఫొడకుంభ పట్టుచీరల్లో లెక్కగడుతుంది. బడా బజార్లో మగ్గం వాళ్ళ ధర తనకి కంఠతా వచ్చు. మీ దగ్గర రెండు పూటలు తింటే ఒక పట్టుచీర అని తేల్చింది. చీర నలభై ఏళ్ళుంటుంది, మీ దగ్గర తిన్నది తెల్లారేదాకా ఉంటే గొప్ప.

మీ అన్నగారు షెఫ్స్ టేబుల్ గారి సంగతి మా తోడల్లుడు చెప్పాడు. ఆయన సింగపూర్ నుంచి ఒక చిన్న క్రూజుకి వెళ్ళాడు. పది పన్నెండు మందిని కూర్చోబెట్టి, వంటగది తిప్పి చూపించి, అయిదారు వంతులుగా వడ్డించే భోజనం అది. ఒక్కో వంతుకీ జోడీగా ఒక్కో వైను. దంపతులిద్దరూ తాగరు. వైను వద్దంటే ధర తగ్గుతుందేమోనని అడిగాడు. తగ్గదన్నారు. వద్దన్నా గ్లాసులు తియ్యలేదు. పొడుగుది, పొట్టిది, బొజ్జది, సన్నకాడది అన్నీ వరసగా పెట్టి అన్నిట్లోనూ నీళ్ళు పోశారు. వంతు మారినప్పుడల్లా పాత గ్లాసు తీసుకెళ్ళి కొత్త గ్లాసులో కొత్త నీళ్ళు. నల్లరాతి పలక మీద ఒక నత్తగుల్ల మాంసం ముక్క, పక్కన ఆకుపచ్చ చుక్కలు మూడు. అది ఎక్కడ పుట్టిందో, ఎవరు పట్టారో వెయిటరు చెబుతున్నంతసేపూ మా తోడల్లుడు ఆ చుక్కలు చట్నీయేనా అని చూస్తూ కూర్చున్నాడట. రాత్రి పదకొండుకి బయటపడి ఇద్దరూ తిన్నగా బఫేకి వెళ్ళి పెరుగన్నం తిన్నారు. అది టిక్కెట్టులోదే.

మేమేమీ శాకాహారులం కాము. చిలికా పీత కనబడితే మా ఇంట్లో మాటలాగిపోతాయి. గొడ్డుమాంసం తినం, అంతే. స్టేక్‌హౌస్‌లో అలాంటివాళ్ళకి ఏముందని చూస్తే కాలిఫ్లవర్ కనబడింది. దాన్ని మందంగా కోసి కాలిస్తే దానికీ స్టేక్ అనే బిరుదు ఇస్తారు. ధర మాంసం తిన్నవాడిదీ కాలిఫ్లవర్ తిన్నవాడిదీ ఒక్కటే. మీరు పాటించే సమానత్వం ఇదొక్కటే అనుకుంటాను.

పూరీ జగన్నాథుడి గుడిలోని ఆనందబజారులో కూడా ఊరికే పెట్టరు, మహాప్రసాదం కొనుక్కోవాలి. కానీ కొనుక్కున్నాక ఎవరు ఎవరి పక్కన కూర్చుని తింటున్నారో అడిగే నాథుడుండడు. మీ ఓడలో కొనుక్కున్నాకే ఆ ప్రశ్న మొదలవుతుంది.

ఇక అసలు విషయానికొస్తాను. దీనికి జవాబివ్వకుండా మీరు తప్పించుకోలేరు.

మా పెళ్ళిరోజు మే 6. పసిఫిక్ మధ్యలో అంతర్జాతీయ దినరేఖ ఉంది. తూర్పుకి పోతూ దాన్ని దాటితే అదే తేదీ మళ్ళీ వస్తుంది. అమ్మాయి లెక్క ప్రకారం మా ఓడ సరిగ్గా మా పెళ్ళిరోజునే ఆ గీత దాటుతుంది. అంటే మే 6 రాత్రి పడుకుంటాం, తెల్లారి లేస్తే మళ్ళీ మే 6. వారం కూడా అదే. ఇందులో మాకు ఆశ్చర్యమేమీ లేదు. ఎక్కడో ఎవరో గీత గీస్తే ఏమవుతుందో మా జిల్లాలో అందరికీ తెలుసు. 1936 మార్చి 31న మద్రాసు రాజధానిలో పడుకున్న బరంపురం, ఏప్రిల్ 1న ఒరిస్సాలో లేచింది. మంచం కదల్లేదు. పర్లాకిమిడి రాజావారు పట్టుబట్టి ఆ గీతను తన ఊరికి అవతల గీయించుకున్నారు. కిరిబాటి అనే దేశం కూడా తన దీవులన్నిటికీ ఒకే తేదీ కావాలని 1995 నుంచి దినరేఖను తూర్పుకి వంచేసుకుంది. పలుకుబడి ఉంటే గీతలు వంగుతాయి. మాకది లేదు కాబట్టి అడుగుతున్నాం.

మీ పెళ్ళిరోజు ప్యాకేజీలో తలుపుకి కాగితపు తోరణం, గదిలో బెలూన్లు, ఒక కేకు, మీ దగ్గర ఒక విందు అని ఉంది. ఏ మే 6న? మొదటిదా, రెండోదా? రెండు రోజులూ తోరణం ఉంచుతారా, లేక మొదటి రాత్రి పీకేసి తెల్లారి మళ్ళీ కట్టి మళ్ళీ డబ్బడుగుతారా? "ఆ తేదీన మీరు ఇప్పటికే భోంచేశారు" అని మీ కంప్యూటరు రెండోరోజు మమ్మల్ని గుమ్మంలో ఆపితే ఎవరితో చెప్పుకోవాలి? ఇవన్నీ మా పురోహితుడి దగ్గర పెట్టాను. ఆయన పంచాంగం కూడా తియ్యలేదు. "తిథి ఆకాశంలో ఉంటుంది బాబూ, గీత దాటితే మారదు. తిథి ప్రకారం పెళ్ళిరోజు ఒకటే, తేదీ ప్రకారం రెండు. డబ్బు కట్టేటప్పుడు తిథి చెప్పు, కేకు తీసుకునేటప్పుడు తేదీ చెప్పు" అన్నాడు. ఆయన కొడుకు చార్టర్డ్ అకౌంటెంటు.

కాబట్టి మా ఇంట్లో తీర్మానం ఇలా జరిగింది. రోజువారీ ప్యాకేజీ తీసుకోం. మిగిలిన రాత్రులన్నీ ఆ పైనుంచి ఫొటో తీసిన భోజనశాలలోనే, ఆ తలల మధ్యలోనే తింటాం. రెండు వారాలు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే వడ్డించేవాడికి మా ఇష్టాలు, పక్క బల్లవాళ్ళ కోడళ్ళ సంగతులు మాకు ఎలాగూ తెలుస్తాయి. మీ గదికి ఒక్క మే 6న మాత్రం వస్తాం, అదీ అమ్మాయి మాట కాదనలేక. రెండో మే 6 ఉచితమని మీరు రాతపూర్వకంగా చెబితే అప్పుడూ వస్తాం. తుది చెల్లింపు గడువుకి ముందే జవాబు పంపండి. గడువు దాటాక వచ్చే జవాబులన్నీ ఒకేలా ఉంటాయని అస్కా రోడ్డు కుర్రాడే చెప్పాడు.

మా ఆవిడ ఇంకో మాట చేర్చమంటోంది. బరంపురం అప్పడాలు సీలు వేసిన ప్యాకెట్లలో తెస్తుంది. మీ వంటింట్లో కాగిన నూనె మూకుడు కాసేపు ఇస్తే చాలు, వేయించడం తనే చూసుకుంటుంది. వాసనకి చుట్టుపక్కల బల్లలవాళ్ళు తప్పకుండా అడుగుతారు. వాళ్ళ దగ్గర మనిషికెంత తీసుకోవాలో మీరే చెప్పాలి. ఈ విషయంలో మాకు అనుభవం లేదు.

ఇట్లు,
ఇంకా అడ్వాన్సు మాత్రమే కట్టిన
బరంపురం దంపతులు